రాయపూర్‌లో ఒక పాత జీపుకు వీడ్కోలు

గడచిన 2023 డిసెంబరులో కార్యాలయపు పని మీద మేము రాయపూర్ వెళ్ళవలసి వచ్చినది. పని చిన్నదే. పదిహేను సంవత్సరాలు నిండిన ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి రద్దయినది. దానితో గనుల ప్రాజెక్టులో మూలపడి ఉన్న తొమ్మిది వాహనాలు వేలంలో అమ్ముడుపోయి, రాయపూర్ శివార్లలోని ఒక తుక్కు కర్మాగారానికి చేరుకొన్నాయి. అవి నిబంధనల ప్రకారం తుక్కుగా మారినట్లు ధ్రువపత్రాలు తీసుకొని రావడం మాకు అప్పగించిన బాధ్యత. మాతో స్టోర్సు విభాగపు సహోద్యోగి ఒకరు ఉన్నారు.

జాబితాలో ఎనిమిది వాహనాల గురించి మాకు ప్రత్యేకంగా చెప్పవలసినది లేదు. తొమ్మిదవది మాత్రం 1991లో కొన్న జీపు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో మేము దానిలో తిరిగినంతగా సొంత కాళ్ళ మీద కూడా తిరగలేదేమో. కనుక ఈ ప్రయాణం సగం విధి నిర్వహణ, సగం పరామర్శ.

రైలుదారి

విశాఖపట్నంలో రాత్రి రైలెక్కితే విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా తెల్లవారేసరికి ఛత్తీస్‌గఢ్ మైదానంలో కళ్ళు తెరుస్తాము. ఈ మార్గాన్ని వేసినది నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే. పార్వతీపురం వరకు దారి ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలోనే పడగా, అది రాయపూర్‌ను అందుకొన్నది 1931లో. ధాన్యము, అడవి సరుకు విశాఖ రేవుకు దిగడానికి వేసిన ఈ పట్టాల మీదుగానే ఎన్నో తెలుగు కుటుంబాలు ఎగువకు వెళ్ళాయి. రాయపూర్ రైల్వే కాలనీలలో, వ్యాగన్ల మరమ్మతు కర్మాగారపు పరిసరాలలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యాస నేటికీ వినిపించడానికి కారణం ఇదే.

స్టేషను బయట ఆకులలో పోహా, పక్కనే వేడి జిలేబీ. కుడిచేత కారం, ఎడమచేత తీపి పట్టుకొని నిలబడి తినడం ఈ ఊరి ఉదయపు ఆచారం. 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడి రాజధాని అయిన తరువాత రాయపూర్ ముఖం మారినది. తేలీబాంధా చెరువుగట్టు షికారు చేసే చోటయినది. నగరానికి ఆగ్నేయంగా నవ రాయపూర్ వెలసినది. అయినను జయస్తంభ్ చౌక్, శారదా చౌక్, బూఢా తాలాబ్ మాకు పూర్వపరిచితాలే. బాల్యంలో వివేకానందుడు సుమారు రెండేళ్ళు తల్లిదండ్రులతో ఈ ఊరిలో గడిపినందున ఆ పెద్ద చెరువుకు ఆయన పేరే పెట్టారు. నడి చెరువులో ఆయన విగ్రహం ఉన్నది.

మా తరానికి ముందువారికి రాయపూర్ అంటే రైలు దిగే చోటు, జీపు ఎక్కే చోటు. బైలదిల్లా గనులకు రైలుమార్గం పడకముందు వారు ఇక్కడ దిగి ధమ్తరి, కాంకేర్, కొండగావ్, జగదల్‌పూర్, దంతేవాడల మీదుగా నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం జీపులలోనే వెళ్ళేవారని మేము చేరిన కొత్తలో విన్నాము. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు అధికారులకు, సర్వేయర్లకు, భూగర్భ శాస్త్రవేత్తలకు కూడా జీపే గతి. బస్తరు అడవులలో చాలా గ్రామాలు చూసిన మొదటి మోటారు వాహనం జీపే అయి ఉంటుంది.

ఎవరిదీ జీపు?

జీపు అన్న మాట మనకు ఎంత సొంతమైపోయినదంటే, అది ఒక అమెరికా కంపెనీ సొత్తు అన్న సంగతి సాధారణంగా స్ఫురించదు. ఆ కంపెనీ పేరు విల్లీస్-ఓవర్‌లాండ్. దాని జాతకం మన పౌరాణిక రాజుల కథలకు తీసిపోదు.

ఓవర్‌లాండ్ కారు 1903లో ఇండియానా రాష్ట్రంలో పుట్టినది. 1907లో అమెరికాను కుదిపిన ఆర్థిక సంక్షోభంలో ఆ కంపెనీ జీతాలు ఇచ్చుకోలేని స్థితికి వచ్చినది. జాన్ నార్త్ విల్లీస్ అనే కార్ల వ్యాపారి అప్పటికే బండ్ల కోసం బయానా కట్టి ఉన్నాడు. డబ్బు మునిగిపోతుందేమోనని స్వయంగా వచ్చి చూసి, చివరకు 1908లో కంపెనీనే తన చేతిలోకి తీసుకొన్నాడు. మరుసటి ఏడు ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో ఒక పెద్ద కర్మాగారాన్ని కొన్నాడు. 1912 నుండి 1918 వరకు అమెరికాలో ఫోర్డ్ తరువాత అత్యధికంగా కార్లు తయారుచేసినది ఈ విల్లీస్-ఓవర్‌లాండే.

ఎత్తు ఎంతటిదో పల్లం అంతటిది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అప్పులు పేరుకొనగా, 1920లో బ్యాంకులవారు వాల్టర్ క్రిస్లర్‌ను ఏడాదికి పది లక్షల డాలర్ల జీతం మీద తెచ్చి కంపెనీని చక్కబెట్టమన్నారు. ఆయన కొంతకాలం పనిచేసి వెళ్ళి, తరువాత తన పేరుతో వేరే కంపెనీ పెట్టుకొన్నాడు. విల్లీస్ మరల పుంజుకొన్నాడు. మరల మాంద్యం వచ్చినది. 1933లో కంపెనీ దివాలా తీసినది. 1935లో ఆయన కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం కంపెనీ పునర్వ్యవస్థీకరణ పొంది, ఒకప్పటి వైభవానికి నీడగా మిగిలినది.

1940లో అమెరికా సైన్యం తేలికపాటి, నాలుగు చక్రాలకూ శక్తి అందే చిన్న బండి కావాలని 135 సంస్థలకు వర్తమానం పంపినది. గడువు 49 రోజులు. ఆ గడువులో నమూనా తెచ్చినది పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ. కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరు రచించిన ఆ నమూనా 1940 సెప్టెంబరు 23న సైన్యానికి చేరినది. ఆ నకళ్ళను సైన్యం విల్లీస్‌కు, ఫోర్డ్‌కు కూడా చూపించినది. విల్లీస్ వద్ద ఉన్న బలం ఒక్కటే: ఇంజను. బార్నీ రూస్ అనే ఇంజనీరు 48 అశ్వశక్తి గల వారి పాత ఇంజనును శ్రద్ధగా సరిదిద్ది 60కి పెంచాడు. కానీ బండి బరువు పరిమితిని మించినది. అప్పుడు ఆయన బండిని విప్పించి, మరలు పొట్టివి చేయించి, రేకు మందం తగ్గించి, రంగును కూడా పలుచగా పూయించి, 2,160 పౌండ్ల పరిమితి లోపలికి తెచ్చాడని చెబుతారు. ఇంజనీరు అయినవాడు ఈ కథ విని చిరునవ్వు నవ్వక మానడు.

కాంట్రాక్టు విల్లీస్‌కు దక్కినది. విల్లీస్ ఒక్కటే చాలదని ఫోర్డ్‌చేత కూడా అదే నమూనా చేయించారు. యుద్ధం ముగిసేనాటికి ఇద్దరూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశారు. మొదట కనిపెట్టిన బాంటమ్‌కు మాత్రం రెండున్నర వేలకు కాస్త మించిన బండ్లు, ఆ పైన జీపు వెనుక తగిలించే ట్రెయిలర్ల ఆర్డరు మిగిలాయి. పంట ఒకరిది, గాదె మరొకరిది.

బొంబాయికి వచ్చిన జీపు

1945లో లూధియానాలో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం ముహమ్మద్ కలిసి ఒక ఉక్కు వ్యాపార సంస్థను ప్రారంభించారు. దేశవిభజనతో గులాం ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారినది. అంతకు ముందే, 1947లో, విడిభాగాలుగా ఓడలో వచ్చిన విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించడం మొదలయినది.

ఆనాడు మన దేశంలో కార్లను బిగించినవారు వారొక్కరే కారు. జనరల్ మోటార్స్ 1928 నుండే బొంబాయిలో బిగించేది. ఫోర్డ్ కూడా ఉండేది. 1953లో టారిఫ్ కమిషను సిఫారసుల మీద ప్రభుత్వం ఒక నియమం పెట్టినది: విడిభాగాలను ఇక్కడే తయారుచేసే ప్రణాళిక ఉన్నవారే ఉండాలి, కేవలం బిగించేవారు వెళ్ళిపోవచ్చును. రెండు మహా సంస్థలు వెళ్ళిపోయాయి. 1954లో మహీంద్రా వారు విల్లీస్ సాంకేతిక సహకారంతో జీపుల తయారీకి పూనుకొన్నారు.

విచిత్రమేమంటే, ఆపాటికి అక్కడ విల్లీస్ స్వతంత్రంగా లేదు. 1953లో కైజర్ సంస్థ దానిని సుమారు ఆరు కోట్ల డాలర్లకు కొన్నది. 1955లో అమెరికాలో విల్లీస్ కార్ల తయారీ ఆగినది. 1963లో కంపెనీ పేరులో నుండి విల్లీస్ అన్న మాటే తొలగిపోయినది. 1970లో అమెరికన్ మోటార్స్, 1987లో క్రిస్లర్, 1998లో జర్మనీ డైమ్లర్, 2007లో ఒక పెట్టుబడి సంస్థ, 2009 దివాలా తరువాత ఇటలీ ఫియట్, 2021 నుండి స్టెల్లాంటిస్: ఇన్ని ఇళ్ళు మారినది జీపు. నాడు బ్యాంకులు జీతానికి తెచ్చిన క్రిస్లర్ పేరు గల కంపెనీకే విల్లీస్ వారసత్వం చివరకు చేరడం కాలం చేసిన చమత్కారం.

ఇక్కడ మాత్రం బండి కుదురుగా ఉండిపోయినది. ఎత్తయిన బానెట్ గల సీజే-3బి నమూనా అమెరికాలో 1968లో ఆగినను మన దేశంలో ఆ తరువాత దశాబ్దాల తరబడి సాగినది. ఆ బానెట్ ఎత్తు అందానికి కాదు. విల్లీస్ వారి కొత్త హరికేన్ ఇంజనులో ఒక వరుస కవాటాలు తలమీదకు చేరడంతో ఇంజను ఎత్తు పెరిగినది, మూతను పైకి లేపవలసి వచ్చినది. తరువాత పెట్రోలు ధర భరించలేక మనవారు డీజిలు ఇంజనులు పెట్టారు. 1979లో ఫ్రాన్సుకు చెందిన ప్యూజో నుండి డీజిలు ఇంజను తయారీకి అనుమతి పొందారు. మా 1991 జీపు గుండె ఆ ప్యూజో జాతిదే. ఎముకలు అమెరికావి, గుండె ఫ్రాన్సుది, చెమట మాత్రం మనది.

కేశకాల్ ఘాటులో ఒక రాత్రి

1994 ఆగస్టులో ఒక వానరాత్రి గనిలో మా సహోద్యోగి కాలు యంత్రం కింద నలిగినది. వైద్యులు చేయవలసినది చేసి, ఆలస్యం చేయక రాయపూర్ తీసుకొని వెళ్ళమన్నారు. అంబులెన్సు మరొక రోగితో విశాఖ వెళ్ళి ఉన్నది. జీపు వెనుక పరుపు వేసి ఆయనను పడుకోబెట్టి, చెరొక పక్క కూర్చొని బయలుదేరాము. డ్రైవరు సాలూరు ప్రాంతంవాడు. మాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద.

కొండగావ్ దాటిన తరువాత కేశకాల్ ఘాటు. బస్తరు పీఠభూమి నుండి కాంకేర్ మైదానంలోకి పన్నెండు మలుపులలో దిగే దారి అది. నడుమ ఒక మలుపులో లారీ అడ్డం తిరిగి ఆగిపోయినది. వెనుక బండ్ల బారు. తెల్లవారితే గాని కదలదన్నారు. డ్రైవరు దిగి, టార్చి వేసుకొని లారీకీ కొండకూ మధ్య ఉన్న సందును అడుగులతో కొలిచాడు. తిరిగి వచ్చి, "బాబూ, రోగిని గట్టిగా పట్టుకోండి. ఎడమ చక్రాలు కాలువలో పెడతాను" అన్నాడు.

నాలుగు చక్రాలకూ గేరు తగిలించి, తక్కువ గేరులో, బ్రేకు మీద కాలు వేయకుండా ఇంజను పట్టుతోనే బండిని దించాడు. తడిసిన దిగుడులో బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. ఇంజను నిలిపిన చక్రం నేలను విడువదు. ఈ సూత్రం మేము కళాశాలలో చదువుకొన్నాము. అతడు చదువుకోలేదు, చేసి చూపించాడు. ఎడమ చక్రాలు కొండవైపు కాలువలో, కుడి చక్రాలు రోడ్డు మీద, బండి ఒరిగి, రేకు రాతికి రాసుకొని, అరగంట పట్టినట్లనిపించిన ఆ పది గజాలు దాటినది.

తెల్లవారేసరికి రాయపూర్ చేరాము. మా మిత్రుని ఎడమ కాలు మోకాలి కింద పోయినది. ప్రాణం దక్కినది. తరువాత ఆయన టైమాఫీసులో చాలాకాలం పనిచేసి, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసి పదవీ విరమణ పొందారు. ఆ రాత్రి గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ షెడ్డు ముందుగా వెళ్ళినప్పుడల్లా జీపు బానెట్ మీద ఒకసారి చేయి వేసి వెళ్ళేవారు.

తుక్కు ఆవరణలో

ఆనాటి డ్రైవరు పదవీ విరమణ చేసి ఇప్పుడు రాయపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. కొడుకు రైల్వే ఉద్యోగి. కబురు చేయగా, డెబ్బై ఏడేళ్ళ వయసులో, ఉతికిన తెల్లచొక్కా తొడుక్కొని వచ్చాడు. ముగ్గురమూ శిల్తరా వైపు బయలుదేరాము. ఆ దారి పొడవునా స్పాంజి ఇనుము కర్మాగారాలు, రోలింగు మిల్లులు, పొగగొట్టాలు. ఛత్తీస్‌గఢ్‌ను వరిగిన్నె అంటారు గాని, రాయపూర్ శివార్లు ఇనుప మూకుడు అనవలసినట్లుంటాయి.

కర్మాగారంలో పని పద్ధతిగా సాగుతున్నది. ముందు బ్యాటరీ తీస్తారు. ఇంజను నూనె, గేరు నూనె, డీజిలు, రేడియేటరు నీరు వేరువేరు పీపాలలోకి వంపుతారు. టైర్లు, అద్దాలు, వైర్లు వేరు చేస్తారు. ఛాసిస్ నంబరు ఉన్న ముక్కను కోసి, రిజిస్టరులో రాసి, భద్రపరుస్తారు. మిగిలిన ఉక్కును ముక్కలు చేసి విద్యుత్ ప్రేరణ కొలిమికి పంపుతారు. రాగి తీగచుట్టలో ప్రవహించే విద్యుత్తు ఆ తుక్కులో సుడి ప్రవాహాలను పుట్టించి, దానిని దాని లోపలి వేడితోనే కరిగిస్తుంది. కరిగినది కడ్డీలవుతుంది; కడ్డీలు ఎవరి ఇంటి స్లాబులోకో చేరతాయి.

మా జీపు మూలన ఉన్నది. ఎడమవైపు రేకు మీద కేశకాల్ రాతి గీత ఇంకా కనిపిస్తున్నది. ముసలాయన చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు లేని వైపు నుండి వంగి గేరు రాడ్డు మీద చేయి వేశాడు. దాని పిడి టేకు కర్రతో చేసినది. అసలుది పగిలితే, మా వర్క్‌షాపులో లేతు మీద తానే తీర్చి బిగించుకొన్నాడు.

"బాబూ, ఇది నాకిప్పించండి" అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. వేలం ముగిసి, డబ్బు జమ అయి, జీపు కొన్నవారిది అయినది. మేము అమ్మినవారి తరఫున సంతకం పెట్టడానికి వచ్చాము. కొన్నవారి దగ్గర అమ్మినవారు ఒక మేకు పుచ్చుకొన్నా అది తప్పే. అక్కడి సూపర్‌వైజరు నవ్వి, "తాతగారూ, తీసుకుపోండి, దానికేముంది" అని హిందీలో అన్నాడు. మా సహోద్యోగి మా ముఖం చూశాడు. ముప్పై ఏళ్ళ నాటి ఆ రాత్రి ఒకవైపు, చేతిలోని కాగితాలు మరొకవైపు. చివరకు మేమే అన్నాము: "ఊరకే వద్దు. ఆయనకు అమ్మండి. రసీదు ఇవ్వండి."

సూపర్‌వైజరు తల గోక్కొన్నాడు. "ఇక్కడ ఇనుము తూస్తాం సార్. కర్రకు రేటు లేదు."

ముసలాయన మాకు అడ్డుపడ్డాడు. "బాబు చెప్పినదే సబబు. ఇరవై ఎనిమిదేళ్ళు లాగ్‌బుక్కు రాశాను. లెక్క లేనిది ఏదీ ఇంటికి తీసుకువెళ్ళలేదు." జేబులో నుండి పది రూపాయల నోటు తీసి బల్ల మీద పెట్టాడు. మేము ఇవ్వబోతే ఒప్పుకోలేదు. 'పాత గేరు పిడి, కర్ర, ఒకటి' అని రసీదు రాయించి, మడిచి, నోటు ఉన్న జేబులోనే పెట్టుకొన్నాడు.

గ్యాసు కట్టరు వెలిగినప్పుడు ఆయన చూడలేదు. గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడి, పిడిని చొక్కా అంచుతో తుడుచుకొంటూ ఉన్నాడు. మేము నిలబడి చూశాము. చూసినట్లు సంతకం పెట్టవలసినవారము గదా.

మిగిలినది

తిరుగు ప్రయాణంలో మేము విల్లీస్ గురించే ఆలోచించాము. యజమానుల పేర్లు అన్నిసార్లు మారినను టొలీడోలో నేటికీ జీపులు తయారవుతున్నాయి. పాత కర్మాగారాన్ని 2006లో మూసి పడగొట్టినప్పుడు ఓవర్‌లాండ్ అని రాసి ఉన్న ఒక ఇటుక పొగగొట్టాన్ని మాత్రం స్మారకంగా నిలిపారు. కంపెనీ పోయినది, పని తెలిసిన ఊరు మిగిలినది.

మన వైపు కథ ఇంకొక మలుపు తిరిగినది. లైసెన్సు మీద నేర్చుకొన్న మహీంద్రా 2018లో అమెరికాలోనే రాక్సర్ అనే బండిని తయారుచేసి అమ్మగా, జీపు యజమానులు అది మా రూపమేనని అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషనుకు ఫిర్యాదు చేశారు. 2020లో ముందు తీర్పు ఫిర్యాదుదారులకు అనుకూలంగా వచ్చినది. రూపం మార్చిన తరువాత అదే ఏడాది చివర బండికి అనుమతి లభించినది. శిష్యుడు గురువుగారి వాకిట్లోనే దుకాణం తెరవడం, రూపం గురువుదే గాని పనితనం తనదని నిరూపించుకోవలసి రావడం, రెండూ చరిత్రలో అరుదు.

మన తెలుగునాట కూడా ఇటువంటి చేతిమార్పిడి జరిగినది. 1980ల దశకంలో జహీరాబాదులో ప్రభుత్వ రంగపు ఆల్విన్, జపాను నిస్సాన్‌తో కలిసి తేలికపాటి లారీల కర్మాగారం పెట్టినది. 1989లో అది మహీంద్రా చేతికి వెళ్ళినది. హైదరాబాదు ఇళ్ళలో ఆల్విన్ ఫ్రిజ్, ఆల్విన్ గడియారం ఉన్న రోజులు మా వయసువారికి గుర్తే. ఆ పేరు నేడు జ్ఞాపకాలలోనే ఉన్నది. జహీరాబాదులో మాత్రం బండ్ల తయారీ ఆగలేదు.

బోర్డు మీద పేరు శాశ్వతం కాదన్న మాట మన వంటి సంస్థలలో పనిచేసేవారికి వినడానికి ఇంపుగా ఉండదు. మాకూ లేదు. మేము ముప్పై ఏళ్ళకు పైగా ఒకే పేరు కింద జీతం తీసుకొన్నాము. ఆ పేరు మీద అభిమానం దాచుకొనలేము. అది నిలవాలనే కోరుకొంటాము. కానీ విల్లీస్‌ను రెండుసార్లు బ్రతికించినది పేరు కాదు. ఇంజనును సరిదిద్దగల ఒక బార్నీ రూస్, మర పొడవు తగ్గించగల పనివారు. కేశకాల్‌లో మా మిత్రుని బ్రతికించినది కూడా బానెట్ మీది పేరు కాదు.

బైలదిల్లా కొండల ఖనిజం విశాఖ చేరి ఉక్కవుతుంది; ఉక్కు బండి అవుతుంది; బండి తుక్కయి మరల కొలిమికి వస్తుంది. ఇనుముకు మరణం లేదు. దానిని మలిచిన చేతులకు ఉన్నది. కనుక ఆ చేతులకు తెలిసినది, అవి విశ్రమించకముందే, పక్కవారికి అందాలి. మా షెడ్డులో కొత్తగా చేరిన యువ డ్రైవర్లకు కేశకాల్ దిగుడు గురించి మాట్లాడమని ముసలాయనను అడిగాము. "బండి ఎక్కి చూపిస్తే అర్థమవుతుంది గాని, నోటితో ఏం చెప్పను బాబూ" అన్నాడు. ఎండలు ముదరకముందే వస్తానన్నాడు.

తొమ్మిది ధ్రువపత్రాలు కార్యాలయంలో అప్పగించాము. దస్త్రం ముగిసినది.